చెయ్యెత్తని తరగతి

పిల్లల మొహాలు చదవడం నాకు బాగా వచ్చని కాస్త గర్వం. లెక్క అర్థమైన మొహం వేరు. అర్థం కాకపోయినా అయినట్టు పెట్టిన మొహం వేరు. లెక్క సంగతే పట్టకుండా కిటికీ మీద వాలిన కాకితో కబుర్లాడుతున్న మొహం ఇంకా వేరు. బోర్డువైపు తిరిగి రాస్తూ కూడా ఎవరిది ఏ మొహమో వీపుతో చెప్పేస్తానని మా ఆయన వేళాకోళం చేస్తారు. అంతటిదాన్ని, ఈ బళ్లో ఏడో తరగతి ముందు బోల్తా పడ్డాను.

సెలవుల తర్వాత ఇక్కడ చేరాను. అంతకుముందు నేను చేసిన బడి మూతపడింది. ఇక్కడ లెక్కల టీచరు ఖాళీ ఉందంటే వచ్చాను. కొన్నాళ్లు పనితీరు చూసి, నన్ను ఉంచుకోవాలో పంపెయ్యాలో బడి కమిటీ తేలుస్తుందన్నారు. తల నెరుస్తున్న వయసులో నాకు పరీక్ష పెట్టడమేమిటని ఒళ్లు మండింది. కానీ ఇంట్లో అత్తయ్యనూ, పైచదువులు చదువుతున్న అమ్మాయినీ మా ఆయన కళ్లద్దాల షాపు ఒక్కదాని మీద నెట్టుకురావడం కష్టం. నోరు మూసుకుని చేరిపోయాను.

మొదటి వారంలోనే ఏడో తరగతికి భిన్నాలు మొదలుపెట్టాను. కూడిక చెయ్యాలంటే ముందు కింది సంఖ్యలు ఒకటి చెయ్యాలని బోర్డు మీద ఓపిగ్గా చూపించి, "అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది టీచర్!"

తరగతంతా ఒక్క గొంతుతో అంది. ముందు బెంచీలో కూర్చునే క్లాసు లీడరు గొంతు అందరికంటే పైన వినిపించింది. వాడి పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు, బడంతా వాణ్ని మైకు అంటారు.

మర్నాడు నోటు పుస్తకాలు తిరగేస్తే సగానికి సగం తప్పులు. మళ్లీ చెప్పాను. మళ్లీ "అర్థమైంది టీచర్!" మళ్లీ తప్పులు.

"అర్థమైతే ఈ తప్పులేంటర్రా?" అన్నాను.

అందరూ పుస్తకాల్లోకి తలలు దించారు.

"అర్థం కాకపోతే చెయ్యెత్తి అడగండి. నేనేం కొరకను."

నవ్వారు. చక్కగా, ముద్దొచ్చేలా నవ్వారు. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. తర్వాత్తర్వాత గమనిస్తే, ఆ తరగతిలో దేనికీ చెయ్యెత్తరు. మంచినీళ్లకు వెళ్లాలన్నా లేచి నిలబడి బిక్కమొహం పెడతారు, మనమే అడగాలి.

పోనీ నేనంటే గిట్టదా అంటే అదీ కాదు. నేను వెళ్లేసరికి బోర్డు అద్దంలా తుడిచి ఉండేది. కాలు విరిగిన కుర్చీ మూలకి పోయి, గట్టి కుర్చీ ఎక్కణ్నుంచో వచ్చి చేరింది. నేను దగ్గితే చాలు, ముగ్గురు నీళ్ల సీసాలు పట్టుకుని లేచేవాళ్లు. జ్వరం తగ్గి కొత్తగా మంచం దిగినవాళ్లను చూసుకున్నట్టు చూసుకునేవాళ్లు నన్ను. ఇంత ప్రేమగా ఉంటూ ఇంత పచ్చిగా అబద్ధమాడే పిల్లల్ని నేనెక్కడా చూడలేదు.

ఇంకో విచిత్రం ఉంది. నేను "అర్థమైందా?" అనగానే ఒకరిద్దరు పిల్లలు మెల్లిగా మెడ తిప్పి వెనక బెంచీవైపు చూసేవాళ్లు. ఆ తర్వాతే అందరి గొంతులూ లేచేవి. ఆ బెంచీలో ఒక బక్కపిల్ల కూర్చుంటుంది. ఎప్పుడు చూసినా తనకంటే పెద్దదేదో మోస్తూ ఉంటుంది. ఒకరోజు చుట్టిన మ్యాపులు, ఒకరోజు బోర్డు మీద వాడే చెక్క వృత్తలేఖిని, ఇంకోరోజు రెండు బ్యాగులు, అందులో ఒకటి పక్కపిల్లది. అందుకే దాన్ని చీమ అంటారు. నేను మాత్రం కొన్నాళ్లు దాన్ని ఈ ముఠాకి నాయకురాలనుకున్నాను. ఇంతలేని పిల్లకి అంత పలుకుబడి ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాను కూడా.

ఇక శుక్రవారాల సంగతి. మా పెద్దమాస్టారు మంచి మనిషి. బళ్లో అందరి మధ్యా నమ్మకం పెరగాలని ఆయనకు తపన. ప్రతి శుక్రవారం ఒక్కో తరగతికీ వచ్చి, టీచర్ని బయటికి పంపి తలుపు దగ్గరికి వేస్తారు. "ఎవరికి ఏ పాఠం అర్థం కావట్లేదో చెయ్యెత్తండి. ఇక్కడ అన్నది ఇక్కడే ఉంటుంది," అని పిల్లల్ని అడుగుతారు. మేం వరండాలో నిలబడి గోడమీద బల్లుల్ని లెక్కపెడుతూ ఉంటాం. పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ తడబడనిదాన్ని, ఆ మూసిన తలుపు ముందు మాత్రం బల్లుల లెక్క కూడా తప్పేదాన్ని.

తలుపు తీసుకుని పెద్దమాస్టారు ఏడో తరగతి నుంచి వెలిగిపోతూ వచ్చేవారు. "ఒక్క చెయ్యి కూడా లేవలేదమ్మా! మీరు వచ్చాక ఆ తరగతి తీరే మారిపోయింది."

ఆనందపడాలో ఏడవాలో తెలియక తల ఊపేదాన్ని. ఆ మాట కమిటీ చెవిన పడితే నా ఉద్యోగం ఖాయం. ఆ మాట అబద్ధమని ఆ బళ్లో నాకొక్కదానికే తెలుసు. కాదు, నాతో కలిపి తరగతి మొత్తానికీ తెలుసు.

స్టాఫు రూములో సైన్సు మాస్టారిని కదిపాను.

"మీకూ అక్కడ చేతులు లేవవా?"

"లేవవు అక్కయ్యగారూ. మిగతా క్లాసుల్లో పొలంలో గడ్డిలా లేస్తాయి, అక్కడ మాత్రం నున్నగా ఉంటుంది."

"మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది. వచ్చినదాన్ని కూర్చోబెట్టాను. చేతులు లేస్తే సంజాయిషీ చెప్పుకోవాలి, లేవకపోతే టీ తాగొచ్చు. మీరు మాత్రం ఎందుకు కెలుక్కుంటారు చెప్పండి?"

ఆ మాటకి మండింది. మండినా ఆయన టీ ఆయన తాగారు, నా టీ నేను తాగాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయన షాపులోంచి తెచ్చుకున్న కళ్లజోడు ఫ్రేములకి మరలు బిగిస్తున్నారు. అత్తయ్య పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అది మా షాపులో రోజూ ఉండేదే," అన్నారాయన. "కళ్లు పరీక్ష చేయించుకోడానికి వచ్చి, వంతు కోసం కూర్చున్నంతసేపూ ముందువాడు చదివేది వింటారు. విని బట్టీ పట్టేస్తారు. తీరా కుర్చీలో కూర్చోబెడితే చివరి వరుస కూడా గడగడా చదివేస్తారు."

"మరి మీరెలా పట్టుకుంటారు?"

"అక్షరాల అట్ట తీసేసి ఉత్త గోడ చూపిస్తాను. గోడ కూడా చదివేసినవాళ్లున్నారు."

అత్తయ్య చిక్కుళ్లు ఒలవడం ఆపింది. "పాపం, అద్దాలొస్తే ముసలితనం వచ్చిందంటారని భయంరా. నేను మాత్రం చదవలేదూ?"

"నువ్వా? ఎప్పుడు?"

"నువ్వు నాకు పరీక్ష చేసినప్పుడు. నీ షాపు కొత్తది, మా అమ్మ కళ్లే బాగా లేవంటే నీకు బాధేస్తుందని అన్నీ కనబడుతున్నాయన్నాను. ఆ గోడ గడియారం నాకిప్పటికీ గుండ్రంగా ఉంటుంది, అంతే."

మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఊళ్లోవాళ్ల కళ్లన్నీ చూసే మనిషి. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాను. పొయ్యి ముందు నిలబడ్డాక నవ్వు ఆగిపోయింది. బాధపడతావని చెప్పలేదు, అంది అత్తయ్య. ఆ మాట మనసులో పడి ఉండిపోయింది గానీ, దాన్ని ఎక్కడ అతికించాలో నాకప్పుడు తోచలేదు. తోచిందల్లా ఉత్త గోడే.

మర్నాడు ఏడో తరగతిలో బోర్డు మీద పెద్దగా రాశాను. సగం, మూడోవంతు కలపాలి. పైవి రెండూ కలిపితే రెండు, కిందివి రెండూ కలిపితే ఐదు, కాబట్టి ఐదింట రెండు వంతులు. ఇన్నాళ్లూ ఏది చెయ్యొద్దని మొత్తుకున్నానో సరిగ్గా అదే చేశాను. సగం రొట్టెకి ఇంకాస్త రొట్టె చేర్చి, సగం కన్నా తక్కువ రొట్టె చేతికిచ్చానన్నమాట. చాక్‌పీసు దులుపుకుని తిరిగాను.

"అర్థమైందా?"

మైకు నోరు తెరిచాడు. ఆగాడు. బోర్డు చూశాడు. నన్ను చూశాడు. వాడి కళ్లల్లో ఎంత జాలి కనిపించిందంటే, నా మీద నాకే జాలేసింది. నలుగురైదుగురు తల తిప్పి చీమవైపు చూశారు. చీమ రెండు చేతులూ బెంచీ కింద పెట్టుకుని తల వంచుకుంది.

"అర్థమైంది టీచర్!"

గోడ చదివేశారు. గడగడా చదివేశారు.

పట్టుకున్నానన్న సంబరం క్షణం కూడా నిలవలేదు. నన్ను ఆటపట్టిస్తున్నారా? నేనంత తెలివితక్కువదాన్నని ముందే తేల్చుకుని సర్దుకుపోతున్నారా? ఆటపట్టించేవాళ్లయితే ఎవరో ఒకరు కిసుక్కున నవ్వాలి కదా. ఒక్కరూ నవ్వలేదు. కోపం ముక్కు దాకా వచ్చి, ఎవరి మీద చూపాలో తెలియక అక్కడే ఆగిపోయింది. గంట కొట్టారు. బోర్డు కూడా తుడవకుండా బయటికొచ్చేశాను.

తెల్లారి ఆ తప్పు దిద్దాలనే అనుకుంటూ వెళ్లాను. పాఠం మొదలుపెట్టకముందే చీమ బెంచీ మీద తల వాల్చి ఉండడం కనిపించింది. దగ్గరికెళ్లి నుదురు ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. పొద్దున్నుంచీ అలాగే ఉందట. పక్కపిల్ల తన చున్నీ తడిపి దాని మెడ మీద వేసింది. చుట్టూ ఉన్న నలుగురూ దానికి గాలి తగలాలని సర్దుకుని కూర్చున్నారు. అన్నీ చేశారు గానీ, పెద్దవాళ్లకి ఒక్క ముక్క చెప్పలేదు.

భుజాన వేసుకుని ఆఫీసు పక్కగదికి తీసుకెళ్లాను. ఫుట్‌బాళ్లకు గాలి కొట్టే పంపు, పాత మ్యాపులు, ఒక ఇనుప మంచం ఉండే గది అది. పడుకోబెట్టి, వాళ్ల అమ్మకి ఫోను చేయించి, తడిగుడ్డ వేస్తూ కసురుకున్నాను.

"ఒళ్లు ఇంతలా కాలిపోతుంటే చెయ్యెత్తి చెప్పొద్దూ? మా చేతులేమన్నా పడిపోయాయా, మంచం మీద పడుకోబెట్టకపోదుమా?"

"నేను చెయ్యెత్తను టీచర్."

"ఏం? ఎందుకెత్తవు?"

"నేను ఎత్తితే టీచర్లు వెళ్లిపోతారు."

జ్వరంలో కలవరిస్తోందనుకున్నాను. కాదు. ముక్కు ఎగబీల్చుకుంటూ అంతా చెప్పింది. నాకంటే ముందు లెక్కలు చెప్పినావిడ చాలా పొడుగట. నిచ్చెన టీచర్ అనేవాళ్లు. చీమకి ఆవిడంటే ప్రాణం. అర్థం కానప్పుడు దాయొద్దు, పెద్దమాస్టారు అడిగితే నిజం చెప్పండి అని ఆవిడే అనేదట. ఒక శుక్రవారం చీమ నిజం చెప్పింది. అందరికంటే ముందు చెయ్యెత్తింది. సోమవారం నిచ్చెన టీచర్ రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

"అంతకుముందు లెక్కల మాస్టారప్పుడు కూడా నేనే ఎత్తాను టీచర్. ఆయన కూడా వెళ్లిపోయారు. మైకు చెప్పాడు, ఇంక ఎవ్వరం ఎత్తొద్దని. నన్ను ఏడవొద్దన్నారు. మీరు వెళ్లిపోకూడదని మేం అందరం కలిసి..."

పూర్తి చెయ్యలేక దిండులో మొహం దాచుకుంది.

నా చేతిలో తడిగుడ్డ కారి చీరంతా తడిసింది. ఆ పిల్ల మెడ మీద ఇంత బరువు పెట్టుకుని ఇన్నాళ్లూ నా ముందే తిరిగింది. దాన్ని నేను ముఠా నాయకురాలనుకున్నాను. అందరూ దానివైపు చూసేది అనుమతి కోసం కాదు, అది ఏడవట్లేదు కదా అని చూసుకోవడానికి. మొహాలు చదవడమట, మొహాలు! నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లాక, నేరుగా పెద్దమాస్టారి గదిలోకి వెళ్లాను. కూర్చోమనే దాకా ఆగలేదు.

"నిచ్చెన టీచరు, అదే, నాకు ముందున్నావిడ ఎందుకు వెళ్లిపోయారు సార్?"

"వాళ్లమ్మగారు మంచాన పడ్డారు. వేరే ఊళ్లో చూసేవాళ్లు లేక, ఉన్నపళంగా వెళ్లింది పాపం. ఏం?"

"ఆ ముందు మాస్టారు?"

"రిటైరయ్యారు. ఎందుకమ్మా ఇవన్నీ?"

"పిల్లలకి చెప్పారా?"

"పిల్లలకా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "వాళ్లకెందుకమ్మా పెద్దవాళ్ల విషయాలు?"

చెప్పాను. ఆయన మొహంలో వెలుగు మెల్లిగా తగ్గిపోయింది. నమ్మకం కోసం పెట్టుకున్న శుక్రవారమే పిల్లల నోళ్లు కుట్టేసిందంటే ఆ మనిషికి మింగుడుపడలేదు. "నేనెవర్నీ పంపలేదమ్మా, నా పిల్లల మీద ఒట్టు," అన్నారు రెండుసార్లు.

"నమ్ముతాను సార్. ఒక్కమాట చెప్పండి. ఈ వచ్చే శుక్రవారం నా తరగతిలో చేతులు లేస్తే, కమిటీకి చెప్తారా?"

ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు. "అడిగితే... చెప్పాలి కదమ్మా. దాన్నిబట్టే తేలుస్తారని కాదు గానీ, అదీ చూస్తారు."

పిల్లలు పిచ్చివాళ్లనుకుని వాళ్ల భయం పోగొట్టడానికి వచ్చాను. తీరా చూస్తే వాళ్ల భయంలో సగం నిజమే. చేతులు ఎత్తమని చెప్తే నా కొంప నేనే ముంచుకున్నట్టు. ఎత్తొద్దంటే ఆ చీమ జన్మంతా చేతులు బెంచీ కింద పెట్టుకునే బతుకుతుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మా ఆయన ఏమైందని అడిగితే, "నాకే తెలిస్తే కదా చెప్పడానికి," అని ఆయన మీద అరిచాను.

చీమ జ్వరం తగ్గి వచ్చిన రోజున పెద్దమాస్టారే ఒక ఉపాయం చేశారు. తన ఫోను పట్టుకుని తరగతికి వచ్చి, నిచ్చెన టీచర్‌కి ఫోను కలిపి స్పీకరు పెట్టారు. ఆ గొంతు వినగానే తరగతంతా బెంచీల మీంచి ముందుకి ఒరిగింది. చీమ కళ్లార్పలేదు.

"మా అమ్మకి బాగోలేక వచ్చేశాన్రా," అంది ఆ గొంతు. "మీకు చెప్పి రావాల్సింది, ఆ కంగారులో కుదర్లేదు. ఎవరి చెయ్యి వల్లా కాదు. చీమా, ఉన్నావా? నీ చెయ్యి వల్ల అసలే కాదు తల్లీ. అర్థమైందా?"

ఫోనులో ఒక్క క్షణం గరగర. తర్వాత తరగతి మొత్తం గొంతెత్తింది.

"అర్థమైంది టీచర్!"

పెద్దమాస్టారు నావైపు గెలిచినట్టు చూశారు. నాకు నెత్తి బాదుకోవాలనిపించింది. అదే పాట. ఐదింట రెండు వంతులకి పాడిన పాటే. ఆయన ఫోను జేబులో వేసుకుని సంతోషంగా వెళ్లిపోయారు. నేను తలుపు మూసి, గట్టి కుర్చీ వాళ్లవైపు లాక్కుని కూర్చున్నాను. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు, అనుకునే తెలివి మిగల్లేదు.

"ఇదిగో వినండి. నేను వెళ్లిపోనని మీకు మాటివ్వను. ఎందుకంటే నాకే తెలీదు. నన్ను ఉంచుకోవాలో వద్దో వేరే పెద్దవాళ్లు తేలుస్తారు. మీ చేతులు చూసి పంపేస్తారా అంటే, దాన్నిబట్టే కాదని పెద్దమాస్టారు అన్నారు. గట్టిగా మాత్రం అనలేదు."

మైకు మొహం పాలిపోయింది.

"మీరంతా చేతులు దాచుకుని నన్ను కాపాడుతున్నారు. నాకు చాలా... ఎవరూ నన్నిలా చూసుకోలేదర్రా. కానీ నేనిక్కడ ఉండి కూడా మీకు లెక్కలు రాలేదనుకోండి, అప్పుడు నేను ఉన్నట్టా, లేనట్టా? రేపు నేను వెళ్లాల్సి వస్తే అది పెద్దవాళ్లు చేసిన పని. మీ చెయ్యి చేసిన పని కాదు. వెళ్లేట్టయితే ఎందుకు వెళ్తున్నానో మీకు చెప్పే వెళ్తాను. ఆ ఒక్కదానికీ మాటిస్తాను."

అర్థమైందా అని అడగలేదు. అడగడానికి భయమేసింది. వాళ్లూ ఏమీ అనలేదు. ఆ తరగతిలో మొదటిసారి నిజమైన నిశ్శబ్దం విన్నాను. అది మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. గంట కొట్టేదాకా ఒకరి మొహాలొకరం చూసుకుంటూ కూర్చున్నాం.

శుక్రవారం వచ్చింది. పెద్దమాస్టారు నన్ను బయటికి పంపి తలుపు దగ్గరికి వేశారు. ఈసారి నేను బల్లుల్ని లెక్కపెట్టలేదు. సిగ్గు విడిచి కిటికీ పక్కన నిలబడి తొంగిచూశాను.

ఆయన అడిగారు. మైకు వెనక్కి తిరిగి చూశాడు. అందరూ తిరిగి చూశారు. చీమ చేతులు బెంచీ కిందే ఉన్నాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. పెద్దమాస్టారు ఇక వెళ్దామని తిరగబోతుండగా కుడిచెయ్యి బయటికొచ్చింది. మోచెయ్యి దగ్గర ఎడమచేత్తో ఊతమిచ్చుకుని, మోయలేని బస్తా ఎత్తినట్టు మెల్లిగా ఎత్తింది. ఆ తర్వాత మైకు. పక్కపిల్ల. తర్వాత తరగతంతా చేతులే.

ఆనందం రావాల్సింది. ముందు వచ్చింది మాత్రం భయమే. అయిపోయింది నా పని అనుకున్నాను. అనుకుంటూనే కళ్లు తుడుచుకున్నాను.

పెద్దమాస్టారు బయటికొచ్చి మొహం తుడుచుకున్నారు. "అందరూ ఎత్తేశారమ్మా. ఇప్పుడు కమిటీకి నేనేం చెప్పేది? నాకేం అర్థం కావట్లేదు."

"అయితే మీరూ చెయ్యెత్తండి సార్."

నవ్వాలో వద్దో తేల్చుకోలేక కాసేపు నిలబడ్డారు. చివరికి, "చేతులు లేవని రోజుల్లో ఏం జరిగిందో, అది కూడా చెప్తాను," అన్నారు. "వచ్చే శుక్రవారం నుంచి మీరు బయటికి వెళ్లక్కర్లేదు. లోపలే ఉండండి."

అది నా ఉద్యోగానికి మేలో కీడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇక సోమవారం. మామూలు రోజుల్లో నేను గంట కొట్టకముందే బళ్లో ఉంటాను. ఆ రోజే, కాలం కలిసిరాక, నేనెక్కిన బస్సు వంతెన మీద ఆగిపోయింది. డ్రైవరు దిగి బానెట్ ఎత్తి, ఏదో తట్టి, మళ్లీ మూసి, మళ్లీ ఎత్తాడు. వెనక ఇంకో బస్సు రావడానికి దారి లేదు. స్కూలు ఆఫీసుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంకే సోమవారమైనా ఆలస్యమైతే చీవాట్లతో పోయేది. ఈ సోమవారం కాదు. ఈ సోమవారం ఆ పిల్ల గుమ్మంవైపే చూస్తూ కూర్చుని ఉంటుంది. దిగి నడక మొదలుపెట్టాను. నడక కాస్తా పరుగైంది. మోకాళ్లు మొరాయిస్తున్నా, చెప్పు తెగినంత పనైనా ఆగలేదు. దారిలో జనం నన్ను చూసి దొంగని తరుముతోందో, దొంగే పారిపోతోందో తెలియనట్టు పక్కకి తప్పుకున్నారు.

నేను వెళ్లేసరికి నా పీరియడు సగం దాటిపోయింది. తరగతిలో అలికిడి లేదు. బోర్డు తుడిచి లేదు. మైకు కిటికీ దగ్గర నిలబడి గేటువైపు చూస్తున్నట్టున్నాడు. నేను వెనక గేటునుంచి అడ్డదారిలో వచ్చాను. చీమ బెంచీ మీద ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, అదేదో తప్పు చేసిన చెయ్యన్నట్టు, దానివైపే చూస్తోంది.

"బస్సు చెడిపోయింది," అన్నాను రొప్పుతూ. "అంతే. బస్సే."

ఎవరూ కదల్లేదు. చీమ తలెత్తి చూసింది. పైనుంచి కిందిదాకా, నా చెదిరిన జుట్టూ, దుమ్ముకొట్టుకుపోయిన కాళ్లూ, అన్నీ చూసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. నేను చాక్‌పీసు తీసుకుని బోర్డువైపు తిరిగాను.

"టీచర్," అన్నాడు మైకు, వాడి గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. "చీమ చెయ్యెత్తింది."

తిరిగాను. ఎత్తింది. ఈసారి ఊతం లేకుండా ఎత్తింది.

"ఏంటమ్మా?"

"మొన్న మీరు సగం, మూడోవంతు కలిపితే ఐదింట రెండని చెప్పారు టీచర్."

జ్వరాల్లో, ఫోనుల్లో పడి దాన్ని దిద్దాలన్న సంగతే మర్చిపోయాను. "చెప్పాను."

"సగం రొట్టెకి ఇంకాస్త రొట్టె కలిపితే, సగం కన్నా తక్కువెలా అవుతుంది? నాకు... అర్థం కాలేదు టీచర్."

"మాకందరికీ తెలుసు టీచర్ అది తప్పని," అన్నాడు మైకు ఆపుకోలేక. "మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకుండా, బయట ఎక్కడా చెప్పొద్దని ఒట్టేసుకున్నాం."

నవ్వొచ్చింది. నవ్వుతుంటే కన్నీళ్లొచ్చాయి, తుడుచుకుంటే చాక్‌పీసు పొడి కళ్లల్లో పడి ఇంకా వచ్చాయి. మూడు నీళ్ల సీసాలు లేచాయి.

"తప్పే," అన్నాను. "తప్పు చెప్పాను. రండి, మొదట్నుంచీ చూద్దాం."

బోర్డు తుడిచాను. ఒక రొట్టె గీశాను. సగానికి కోసి, ఇంకో రొట్టె గీసి మూడు ముక్కలు చేసి, రెండిటినీ ఆరేసి ముక్కలుగా మార్చి, మూడూ రెండూ కలిపితే ఆరింట ఐదు ముక్కలని మెల్లిగా చెప్పాను. చెప్పి, అలవాటు కొద్దీ అనేశాను.

"అర్థమైందా?"

మైకు నోరు తెరిచి, మూసుకున్నాడు. వెనక బెంచీలో చీమ చెయ్యి ఇంకా దించలేదు.